రెండు గదుల శ్రుతి

“పెట్టను. సంతకం పెట్టను గాక పెట్టను,” అంది అమ్మాయి.

కుట్టుమిషను బల్ల మీద కాలేజీ నుంచి వచ్చిన ఉత్తరం ఉంది. ఎగిరిపోకుండా దాని మీద వాళ్ళమ్మ కత్తెర పెట్టింది. ఎగిరిపోయినా బాగుండునని ఆ ఇంట్లో అందరికీ లోపల్లోపల ఉంది.

“పెట్టకపోతే ఏం చేస్తారో రెండో పేజీలో ఉంది. అది చదివావా?” అన్నాడు మేనమామ. ఆయన బస్సు డిపోలో టైమ్‌కీపరు. చెల్లెలింట్లో గొడవ మొదలయ్యేసరికి అందరికంటే ముందు కుర్చీ లాక్కుని కూర్చోవడం ఆయనకి అలవాటు.

“చదివాను మావయ్యా. వయొలినో గానమో, సోమవారం పదకొండు గంటల్లోగా ఏదో ఒకటి వదులుకుంటున్నానని రాసివ్వాలి. ఇవ్వకపోతే రెండింట్లోంచీ తీసేస్తారు.”

“మరింకేం? ఒకటి వదిలెయ్. ఒక డ్రైవరు రెండు బస్సులు నడుపుతాడా?”

“నువ్వు ఒక్కటీ నడపలేదు కదా నాయనా,” అంది మూల మంచం మీంచి నాయనమ్మ. “గేటు దగ్గర కూర్చుని వచ్చేవీ పోయేవీ రాసుకున్నావు.”

“మీరుండండి అత్తయ్యగారూ. పిల్ల భవిష్యత్తు గురించి మాట్లాడుతున్నాం.”

“నేనూ దాని గురించే మాట్లాడుతున్నాను. అదింట్లో పాడితే నాకు నిద్రపడుతుంది. నువ్వు మాట్లాడితే మెలకువొస్తుంది.”

ఇంకెప్పుడైనా అయితే అమ్మాయి పకపకా నవ్వేది. ఇవాళ నవ్వలేదు. నాయనమ్మ ఆమెకి ‘పిచ్చుక’ అని పేరు పెట్టింది, పుట్టిన మూడో నెల నుంచీ ఇల్లంతా కూతలు పెట్టేదని. ఆ పిచ్చుకకి ఇప్పుడు పంతొమ్మిదేళ్ళు. ఎడమ దవడ కింద వయొలిన్ ఒత్తుకుని ఒత్తుకుని రూపాయి బిళ్ళంత నల్లటి మచ్చ పడింది.

కిటికీ పక్క ముక్కాలి పీట మీద ఆమె తండ్రి కూర్చుని ఉన్నాడు. పియానోలో తీగను కొట్టే చిన్న చెక్క సుత్తి ఒకటి మోకాళ్ళ మధ్య పెట్టుకుని, దాని తలకున్న ఉన్నిని సూదితో పొడుస్తున్నాడు. ఉన్ని గట్టిపడితే మోత గరుకెక్కుతుంది. పొడిచి మెత్తబరచాలి. ఆ సంగీత కళాశాలలో ఉన్న పద్నాలుగు పియానోలకీ శ్రుతి పెట్టేది ఆయనే. అక్కడ అందరూ ‘మేస్త్రీ’ అంటారు. అసలు పేరు జీతాల గుమాస్తాకి ఒక్కడికే తెలుసు.

మేస్త్రీ ఇంతవరకూ ఒక్క మాటా అనలేదు. అంటాడని ఎవరూ ఎదురుచూడలేదు కూడా.

“బావా, నువ్వైనా చెప్పు,” అన్నాడు టైమ్‌కీపరు. “అక్కడ పనిచేసేవాడివి. పెద్దవాళ్ళు ఏదో ఆలోచించే రాసుంటారు.”

మేస్త్రీ సుత్తిని వెలుగుకేసి ఎత్తి చూసి మళ్ళీ దించాడు.

“ఏం ఆలోచించారు?” అంది అమ్మాయి. “రెండు ప్రవేశపరీక్షలు రాశాను. రెండింట్లోనూ మొదటి అయిదుగురిలో ఉన్నాను. అలాంటివాళ్ళు రెండూ చదవొచ్చునని వాళ్ళ నిబంధనల పుస్తకంలో వాళ్ళే రాసుకున్నారు. మిగతావాళ్ళకి వారానికి గంట పాఠం. నాకు ఆ సారు అరగంట, ఈ మేడమ్ అరగంట. పరీక్షలప్పుడు మాత్రం అరపరీక్ష ఎవరూ పెట్టలేదు. అక్కడా పూర్తిగా, ఇక్కడా పూర్తిగా. రెండేళ్ళు ఇద్దరి చదువు చదివాను. ఇప్పుడు, నీకు చెవి సరిగా లేదంటారా?”

“చెవి అన్నారా?” అంది వాళ్ళమ్మ.

“మర్యాదగా రాశారమ్మా. ‘విద్యార్థిని శ్రుతిజ్ఞానం రెండు ప్రధానాంశాల భారాన్ని మోయలేకపోతున్నట్టు కనిపిస్తోంది.’ తెలుగులో చెప్పాలంటే చెవి లేదనే.”

ఆమె తన సంచిలోంచి మడతలు పడిన చీటీ ఒకటి తీసి బల్ల మీద పడేసింది.

“ఏమిటిది?”

“చెవి డాక్టరు చీటీ. పోయిన నెల వెళ్ళాను. మీకు చెప్పలేదు. రెండు చెవులూ మహా బాగున్నాయట. లోపం ఏదైనా ఉందంటే మందు వేసుకుందును కదా అని ఆ ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని అరగంట ఏడ్చాను.”

టైమ్‌కీపరు కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. నాయనమ్మ దుప్పటి అంచు మడతపెడుతూ ఉండిపోయింది.

అమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని ఉత్తరం చేతిలోకి తీసుకుంది. ఆమె దర్జీ. కాలేజీ కచేరీలకి ఆడపిల్లలు వేసుకునే పొడుగు గౌన్లు చాలావరకు ఆమె కుట్టినవే. కొలతల కాగితం చదివినట్టే ఉత్తరాన్నీ వేలు పెట్టి వరసవరసా చదివింది.

“వయొలిన్ సారు ఏం రాశారూ? ‘చేయి నిలకడగా శ్రుతికి తగ్గుతోంది.’ అవునా?”

“అవును.”

“పాట నేర్పే మేడమ్, ‘గొంతు నిలకడగా శ్రుతికి మించిపోతోంది.’ ఇదీ అవునా?”

“అవునమ్మా. ఎన్నిసార్లు చదువుతావు?”

“ఒకే మనిషి ఆ గదిలో తగ్గి, ఈ గదిలో పెరగడమేమిటే?”

“అదే కదా చెవి లేదనడం.”

అమ్మ కళ్ళద్దాలు తీసింది. “పోయిన శీతాకాలం ఒకావిడకి గౌను కుట్టాను గుర్తుందా? బిగుతయిపోయింది. ఆవిడ వారం రోజుల్లో లావెక్కిందనుకుని నాలుగు రోజులు నాలో నేనే తిట్టుకున్నాను. తీరా చూస్తే పాత టేపుతో కొలతలు తీసుకున్నాను, కొత్త టేపుతో బట్ట కత్తిరించాను. పాత టేపు సాగిపోయి ఉంది. ఆవిడ ఒంట్లో ఏ తప్పూ లేదు.” ఉత్తరం బల్ల మీద పెట్టి మళ్ళీ కత్తెర బరువుంచింది. “ముందు టేపులు చూడాలి. తర్వాతే ఒంటిని అనాలి.”

కిటికీ దగ్గర సూది మేస్త్రీ వేల్లో దిగింది.

ఆయన వేలు నోట్లో పెట్టుకున్నాడు. ఎవరూ అటు చూడలేదు. గోడ మేకుకి ఆయన పనిసంచి వేలాడుతోంది. అందులో, తడితే ఒకే స్వరం పలికే శ్రుతిదండాలు రెండున్నాయి. ఒకటి ఎర్రగుడ్డ సంచిలో, ఒకటి నీలిగుడ్డ సంచిలో. ఆ సంచులు కుట్టింది ఈవిడే, తొమ్మిదేళ్ళ కిందట. రెండెందుకని అప్పుడు అడగలేదు.

“ఏవండీ, రక్తమొస్తోందా?”

“లేదు,” అన్నాడు మేస్త్రీ.

సాయంత్రం దాకా ఆయన అన్న మాట అదొక్కటే.

*

శనివారం పొద్దున ఏడింటికి వెనక గేటులోంచి కాలేజీలోకి వెళ్ళాడు. ఇన్నేళ్ళలో ముందు గేటులోంచి వెళ్ళిన రోజు లేదు. పాఠాలు మొదలయ్యేలోగా పని ముగించుకుని వచ్చినదారినే పోవాలి. విద్యార్థులకి ఆయన మొహం తెలియదు. పియానో తెరిస్తే సరిగ్గా మోగుతుంది, అంతవరకే వాళ్ళకి తెలుసు.

అందుకే కూతురి పాఠం ఆయన ఒక్కనాడూ వినలేదు.

నాలుగో గదిలో వయొలిన్ పాఠాలు. ఎర్ర సంచిలోంచి శ్రుతిదండం తీసి మోకాలికి తట్టి, చెవి దగ్గర పెట్టుకుని, పియానో మీద ఆధార స్వరం నొక్కాడు. వాద్యాలన్నీ సరిచూసుకునే స్వరమది. రెండూ అతుక్కుపోయి ఒకటిగా మోగాయి. తను పెట్టినట్టే ఉంది.

మేడ మీద తొమ్మిదో గదికి వెళ్ళాడు. అక్కడ గానం పాఠాలు. ఈసారి నీలి సంచి. అదీ తను పెట్టినట్టే ఉంది.

తర్వాత, ఇన్నేళ్ళలో ఎన్నడూ చెయ్యని పని చేశాడు. తొమ్మిదో గది పియానో దగ్గర ఎర్ర సంచిలోని దండం తీసి, తట్టి పట్టుకున్నాడు. స్వరం నొక్కాడు. రెండు మోతలూ ఒకదాన్నొకటి తోసుకుంటూ గాలిలో వణికాయి. వ్వా, వ్వా, వ్వా... సెకనుకి అయిదు ఊపులు.

బయటివాళ్ళకి ఆ తేడా ఒక లెక్కే కాదు. ఒక గదిలో ఉండిపోయేవాళ్ళకీ తెలియదు. ఈ గదిలోంచి ఆ గదిలోకి, ఆ గదిలోంచి ఈ గదిలోకి మెట్లెక్కి దిగే మనిషికి మాత్రం కాళ్ళ కింద నేల కదులుతున్నట్టుంటుంది. అలా మెట్లెక్కి దిగే విద్యార్థి కాలేజీ మొత్తానికీ ఒక్కతే ఉంది.

మేస్త్రీ పియానో స్టూలు మీద కూలబడ్డాడు.

తొమ్మిదేళ్ళ కిందట వయొలిన్ నేర్పే ఆయన పిలిచి చెప్పాడు. వయొలిన్ వాయించే కమాను చేత్తో పట్టుకునే నడుస్తాడని పిల్లలు ఆయన్ని ‘కమాను సారు’ అంటారు. “నా గదిలో పియానోని రవ్వంత పైకి పెట్టవయ్యా మేస్త్రీ. వాద్యానికి మెరుపొస్తుంది. ఊరంతా చాటక్కర్లేదు.” నెల తిరక్కుండా పాట నేర్పే పెద్దావిడ పిలిచింది. ఎండాకాలంలో కూడా మెడ నుంచి మఫ్లరు విప్పదు కాబట్టి ఆవిడ మఫ్లర్ మేడమ్. “నా గదిలో కాస్త కిందికి దించు నాయనా. పిల్లలు గొంతులు చించుకోలేరు. ఎవరితోనూ అనకు.”

అన్ని పియానోలూ ఒకే శ్రుతిలో ఉండాలని ఆఫీసు గోడ మీద నిబంధన ఉంది. అయినా ఇద్దరూ పెద్దవాళ్ళు. ఇద్దరూ అడిగారు. ఇద్దరికీ చేశాడు. ఒకరి మాట ఒకరి దగ్గర అనకపోవడం తన పెద్దరికం అనుకున్నాడు. ఆ గుట్టు దాచుకున్నందుకు తనలో తాను కొంచెం గర్వపడ్డాడు కూడా.

తీగ బిగించే తాళం తీసి పియానో మేకుకి తగిలించాడు. గదికి రెండు గంటలు. మధ్యాహ్నానికి రెండు గదులూ ఒకే శ్రుతికి తెచ్చేస్తే ఎవరికీ ఏమీ తెలియదు. ఉద్యోగం ఉంటుంది. సోమవారం నుంచి అమ్మాయి శ్రుతి తప్పకుండా పాడుతుంది.

మరి ఆ ఉత్తరం? ఆ చెవి డాక్టరు చీటీ?

తాళాన్ని మేకు మీంచి తీసేశాడు.

“ఏమయ్యా మేస్త్రీ, శనివారం కూడా పనా?”

గుమ్మంలో కమాను సారు. చేతిలో కమాను ఉంది. మేస్త్రీ లేచి నిలబడ్డాడు.

“సార్, ఒక మాట.”

“చెప్పు.”

“మీ గది పైకుంది. మేడమ్ గారి గది కిందికుంది. మా అమ్మాయి రెంటి మధ్యా తిరుగుతోంది. ఇక్కడి చెవితో అక్కడికెళ్తే తగ్గినట్టే ఉంటుంది కదా సార్. అక్కడి చెవితో ఇక్కడికొస్తే...”

“ఆగాగు.” కమాను సారు లోపలికొచ్చి తలుపు మూశాడు. “నువ్వెప్పుడు మొదలుపెట్టావయ్యా ఈ పాండిత్యం? నీ పని బిగించడం. వినడం మా పని.”

మేస్త్రీ చెవులు వేడెక్కాయి.

“నేను దానికి రెండేళ్ళు చెప్పాను,” అన్నాడు సారు, ఈసారి కాస్త మెత్తగా. “చెయ్యి బంగారం. పాట మానేసి నాదగ్గరే ఉంటే ఎక్కడికో వెళ్తుంది. మేడమ్ కూడా అదే అంటోంది, వయొలిన్ మానేసి తన దగ్గరే ఉండాలని. ఎవరికో ఒకరికి పూర్తిగా రావాలి కదా. సగం శిష్యురాలిని పెట్టుకుని ఏ గురువు పైకొచ్చాడు?”

“అందుకని చెవి లేదని రాస్తారా సార్?”

“కనిపిస్తోందని రాశాం. లేదని రాయలేదు.” తలుపు తీస్తూ ఆగాడు. “ఇంకోమాట. సోమవారం ప్రిన్సిపాల్ ముందు ఏదైనా వాగాలని ఉంటే, తాళం ఎవరి చేతిలో ఉందో ఒకసారి చూసుకో. పియానోకి శ్రుతి పెట్టింది నేను కాదు, ఆవిడా కాదు.”

*

సోమవారం పదకొండుకి పది నిమిషాలుండగా ప్రిన్సిపాల్ గదిలో ఆరుగురున్నారు. బల్ల మీద నున్నటి కాగితం, దాని పక్కన మూత తీసిన కలం సిద్ధంగా ఉన్నాయి. మేస్త్రీ ఆ రోజు ముందు గేటులోంచే వచ్చాడు. వాచ్‌మన్ గుర్తుపట్టక పేరడిగాడు.

ప్రిన్సిపాల్ వెనక గాజు బీరువాలో కాలేజీ పెట్టిననాటి శ్రుతిదండం వెల్వెట్ గుడ్డ మీద ఉంది. ఏడాదికోసారి దుమ్ము తుడవడం తప్ప దాన్ని ఎవరూ ముట్టుకోరు.

“చూడమ్మాయ్,” అన్నాడు ప్రిన్సిపాల్. “ఇది శిక్ష అనుకోకు. ఒకదాన్లో నిలబడ్డానికి నీకిస్తున్న అవకాశం.”

“నేను రెండింట్లోనూ నిలబడే ఉన్నాను సార్.”

“ఇద్దరు గురువుల అభిప్రాయం వేరే ఉంది.”

“ఇద్దరివీ రెండు అభిప్రాయాలండీ,” అంది అమ్మ. పెద్దవాళ్ళ ముందు మాట్లాడే అలవాటు లేక ఆమె కొంగు గట్టిగా పట్టుకుంది, కానీ మాట తడబడలేదు. “ఒకరు తగ్గిందన్నారు. ఒకరు పెరిగిందన్నారు. ఎవరి టేపు సాగిందో చూశారా?”

“టేపా?” అన్నాడు ప్రిన్సిపాల్.

కమాను సారు నవ్వాడు. “వాళ్ళు కుట్టుపని చేసుకుంటారు లెండి.”

ఆ నవ్వు మేస్త్రీ లోపల ఎక్కడో తగిలింది. లేచాడు. జేబులోంచి ఎర్ర సంచీ నీలి సంచీ తీశాడు. రెండు శ్రుతిదండాలనీ రెండు మోకాళ్ళకీ తట్టి, కాడలు ప్రిన్సిపాల్ బల్లకి ఆనించాడు.

బల్లంతా మోగింది. వ్వా, వ్వా, వ్వా. కలం సన్నగా వణకడం అందరూ చూశారు.

“ఇది నాలుగో గది,” అన్నాడు మేస్త్రీ. “ఇది తొమ్మిదో గది.”

మోత మెల్లగా ఆరిపోయింది. సంగీతం తెలిసినవాళ్ళకి అంతకంటే చెప్పాల్సింది లేదు.

“ఎన్నాళ్ళ నుంచి?” అన్నాడు ప్రిన్సిపాల్.

“తొమ్మిదేళ్ళు.”

“ఎవరు పెట్టమన్నారు?”

మేస్త్రీ ఇద్దరి వైపూ చూశాడు. కమాను సారు కమాను వెంట్రుకలు సవరించుకుంటున్నాడు. మఫ్లర్ మేడమ్ కిటికీలోంచి బయటికి చూస్తోంది.

“మంచి చెవి ఉన్నవాళ్ళు ఏ పియానోకైనా సర్దుకుంటారు,” అన్నాడు కమాను సారు, ఎవరూ అడక్కుండానే. “ఇదంతా సాకు.”

“సర్దుకోవాలంటే రెండూ వేరని ఆ పిల్లకి ఒక్కరైనా చెప్పాలి కదండీ,” అంది అమ్మ. “మెట్లున్నాయని చెప్పకుండా చీకట్లో నడిపించి, పడితే కళ్ళు లేవంటారా?”

ప్రిన్సిపాల్‌కి ఏం తోచిందో, లేచి బీరువా తలుపు తీశాడు. వెల్వెట్ మీది దండం చేతిలోకి తీసుకున్నాడు. “అమ్మాయ్, ఆధార స్వరం పాడు. పియానో లేదు, ఏదీ లేదు. నీ చెవిలో ఉన్నదే పాడు.”

అమ్మాయి కళ్ళు మూసుకుంది. పాడింది. ప్రిన్సిపాల్ దండం తట్టి ఆమె గొంతు పక్కన పట్టుకున్నాడు.

మేస్త్రీ ఊపుల కోసం ఊపిరి బిగబట్టి విన్నాడు. ఒక్కటీ రాలేదు. దండం ఎక్కడ ఆగిందో గొంతు ఎక్కడ మొదలైందో తెలియకుండా రెండూ కలిసిపోయాయి.

“కాకతాళీయం,” అన్నాడు కమాను సారు.

“ఇంకోసారి,” అన్నాడు ప్రిన్సిపాల్.

ఇంకోసారీ అంతే. రెండేళ్ళుగా ఇద్దరి మధ్యా నలిగి నలిగి ఆ చెవి నిలబడ్డ చోటు, కాలేజీ నిబంధన చెప్పిన చోటే. ఆ రెండు గదుల్లో ఎవరూ పాటించని శ్రుతిని ఆ పిల్ల ఒక్కతే మోసుకు తిరిగింది. దానికి తప్పు అని పేరు పెట్టారు.

మేస్త్రీకి కళ్ళు చెమర్చాయి. ఇక గండం గడిచిందనుకున్నాడు.

ప్రిన్సిపాల్ దండాన్ని బల్ల మీద పెట్టి, కొత్త కాగితం తీసుకుని, రాస్తూ పైకి చదివాడు. “‘మరమ్మతు సిబ్బంది నిర్లక్ష్యం వల్ల రెండు గదుల శ్రుతిలో తేడా ఏర్పడినట్టు గుర్తించడమైనది.’ అమ్మాయికి ఈ సాయంత్రం నాలుగింటికి రెండు అంశాల్లోనూ మళ్ళీ పరీక్ష పెడతాం. మేస్త్రీ, ఆలోగా రెండు గదులూ ఇదిగో ఈ దండానికి సరిచెయ్. పరీక్షయ్యాక నీ తాళం ఆఫీసులో అప్పగించి వెళ్ళు.”

“నిర్లక్ష్యమా?” అంది అమ్మ.

“నిబంధన గోడ మీదుంది కదమ్మా. శ్రుతి పెట్టిన చెయ్యి ఎవరిది?”

శనివారం కమాను సారు అన్న మాటే. కూతురు తన వైపు చూస్తోందని మేస్త్రీకి తెలిసింది. తల తిప్పి చూశాడు. ఆ చూపులో గెలిచిన ఆనందం లేదు.

“నాన్నా,” అంది. “నీకు తెలుసా?”

“పిచ్చుకా...”

“రెండేళ్ళు. పొద్దున లేవగానే కిటికీ పక్కన కూర్చుని స్వరం పట్టుకోవడానికి చచ్చేదాన్ని. నువ్వు అదే కిటికీ దగ్గర సుత్తులు బాగుచేసుకునేవాడివి. చెవుల్లో దూది పెట్టుకున్నాను. డాక్టరు దగ్గరికెళ్ళాను. ఎర్ర సంచి, నీలి సంచి మన గోడకే వేలాడుతున్నాయి. నీకు తెలుసా నాన్నా?”

మేస్త్రీ బల్ల మీది రెండు దండాలకేసి చూశాడు.

“నాలుగో గది సంగతి తెలుసు,” అన్నాడు. “తొమ్మిదో గది సంగతీ తెలుసు. రెంటి మధ్యా నువ్వు నడుస్తున్నావని శుక్రవారం దాకా తట్టలేదమ్మా.”

“శుక్రవారం తట్టిందా? ఇవాళ సోమవారం. మధ్యలో రెండు రోజులున్నాయి.”

ఆమె వంగి బల్ల మీది రెండు దండాలూ తీసుకుని ఎర్రది ఎర్రదాన్లో, నీలిది నీలిదాన్లో పెట్టింది. రెండు సంచులూ తన వయొలిన్ పెట్టెలో పడేసి మూత బిగించింది.

“నాలుగింటికి వస్తాను సార్,” అంది ప్రిన్సిపాల్‌తో. “రెండు పరీక్షలూ ఇస్తాను. పియానోలు మాత్రం మూసి ఉంచండి. ఈ కాలేజీలో ఎవరు పెట్టిన శ్రుతీ నాకొద్దు.”

‘ఎవరు’ అన్నప్పుడు ఆమె తండ్రి వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేదనిపించింది ఆయనకి.

అమ్మ ఆమె వెనకే గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. “ఆ సంచులు నేనే కుట్టాను. రెండెందుకని అడగలేదు, నాదీ తప్పే,” అంది భర్తతో, మెల్లగా. “అడిగితే చెప్పేవారా?”

సమాధానం కోసం ఆగలేదు. తలుపు మూసుకుంది.

గదిలో గడియారం పదకొండూ ఇరవై చూపిస్తోంది. కమాను సారు కుర్చీలోంచి లేచి ఒళ్ళు విరుచుకున్నాడు.

“సరే, అయిందేదో అయింది. మేస్త్రీ, పిల్ల మాట పట్టుకోకు. మిగతావాళ్ళకి రెండు గంటల నుంచి క్లాసులున్నాయి. ముందు నాలుగో గది కానివ్వు.”

ఏమీ జరగనట్టే అన్నాడు. ఆ కాగితం మీద ‘నిర్లక్ష్యం’ అన్న మాట సిరా ఇంకా ఆరలేదు.

మేస్త్రీ భుజం మీది పనిసంచి దించాడు. లోపల చెయ్యి పెట్టి తాళం బయటికి తీశాడు. చెక్కపిడి తొమ్మిదేళ్ళ చేతి చెమటకి నున్నగా అయిపోయి ఉంది. దాన్ని తీసుకెళ్ళి ప్రిన్సిపాల్ ముందు పెట్టాడు.

“నాలుగింటి దాకా ఎందుకు సార్. ఇప్పుడే తీసుకోండి.”

“మరి పియానోలు?”

“బిగించడం నా పని అన్నారు సారు. నిజమే. ఎవరేం చెబితే అది బిగించాను. ఈసారి చెప్పినవాళ్ళు రాసిచ్చాకే బిగిస్తాను.”

“ఏమిటి రాసిచ్చేది?” అన్నాడు కమాను సారు. గొంతులో మెరుపు తగ్గింది.

“నాలుగో గది పైకి పెట్టమన్నదెవరో ఒక ముక్క. తొమ్మిదో గది కిందికి పెట్టమన్నదెవరో ఒక ముక్క. కింద సంతకాలు.” ఇన్ని మాటలు ఒక్కసారే మాట్లాడిన జ్ఞాపకం మేస్త్రీకి లేదు. మాట్లాడుతుంటే భయం వెయ్యకపోవడం ఆయనకే వింతగా ఉంది. “మా అమ్మాయి కోసం తెప్పించిన కాగితం ఉంది కదండీ. కలమూ ఉంది.”

కలాన్ని వేలితో నెట్టాడు. అది బల్ల మీద దొర్లుకుంటూ వెళ్ళి ఇద్దరు గురువులకీ సరిగ్గా మధ్యలో ఆగింది.

కమాను సారు ప్రిన్సిపాల్ వైపు చూశాడు. ప్రిన్సిపాల్ గడియారం వైపు చూశాడు. ఎవరూ కలం ముట్టుకోలేదు.

అంతలో కింద ఆవరణలోంచి వయొలిన్ మోత వినిపించింది. ఒకే తీగ, ఒకే స్వరం, సాగదీసి. ఆ వెనకే అదే స్వరాన్ని గొంతు అందుకుంది. మేస్త్రీ చెవి తనంతట తనే ఊపులు వెతికింది. ఒక్కటీ దొరకలేదు.

కిటికీ దగ్గర మఫ్లర్ మేడమ్ ఇంతవరకూ నోరు విప్పలేదు. ఇప్పుడు కుర్చీ కలం వైపు తిప్పుకుంది. తొమ్మిదేళ్ళలో ఎవరూ చూడని విధంగా రెండు చేతులూ ఎత్తి, మెడకి చుట్టుకున్న మఫ్లరు ఒక్కో వరసా విప్పడం మొదలుపెట్టింది.